విద్యార్థులును కొండ యెక్కుటయు

మన మదనపల్లెలో ఏ మిద్దెపై నిలిచి చూచినను ఏదో యొక కొండ కన్పట్టును. ఆ కొండల పేళ్లు చెప్పగలవారు మనలో పెక్కండ్రు. వానిని కాలినడకను ఎక్కినవారు మాత్రము మిక్కిలి కొందఱు. హార్సిలీకొండకు పోయివచ్చితిమని చెప్పువారిని నిలిపి యడిగినచో, బస్సులో పోయి, పైన ఉప్పుకారము చల్లిన మామిడికాయ ముక్కలు తిని, చిత్రములు తీసికొని, సాయంకాలపు బస్సులో దిగివచ్చితిమందురు. దానిని మేము తప్పు పట్టము. అయినను అట్టివారు కొండను చూచిరనవలెనే గాని యెక్కిరనుటకు వీలులేదు.

గడచిన శీతకాలమున మా తరగతివారము ఏడుగురము ఆ కొండను కాలినడకను ఎక్కివచ్చితిమి. మాలో నొక్కరికిని అంతకుముందు కొండ యెక్కిన యనుభవము లేదు. తిరిగి వచ్చిన పిమ్మట ఇండ్లలోను పాఠశాలలోను పుట్టిన చర్చయే ఈ వ్యాసమునకు కారణము. “ఇట్టి పనులు బడిపిల్లలకు తగునా?” అని కొందఱు తలిదండ్రు లడిగిరి. “మమ్ముల నేల తీసికొనిపోలేదు?” అని క్రింది తరగతులవా రడిగిరి. ఈ రెండు ప్రశ్నలకును మాకు ఒక్కటే సమాధానము తోచుచున్నది. బడిపిల్లలు కొండ యెక్కవలసినదే. అయితే పాఠశాలవారు తీసికొనిపోగా, తగిన ఋతువునందు, త్రోవ యెఱిగినవానిని ముందిడుకొని, అందఱిలో మెల్లగా నడచువాని యడుగుతో అడుగు కలిపి యెక్కవలెను. వద్దని నిషేధించుటవలన అపాయము తగ్గదు. పెద్దల కంటికి మఱుగుపడును, అంతియే.

తలిదండ్రుల భయమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. 2018 మార్చి 11వ తేదీన తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలయందు జరిగిన ఘోరమును పెద్దలు మఱచియుండరు. సెలవుదినములలో కొండనడకకై వచ్చిన యువతీయువకులను, ఎండిన గడ్డికి నిప్పంటుకొని, మంటలు చుట్టుముట్టెను. వారిలో 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నిప్పు చదునునేలమీద కంటె ఏటవాలున పైకి మిగుల వేగముగా ప్రాకును. క్రింది మంట తనకు మీదుగానున్న గడ్డిని ముందుగానే వేడిచేసి యెండించుచు పోవుటయే దానికి కారణము. కాబట్టి పైకి పరుగెత్తువానిని అది తఱిమి పట్టుకొనును. మన కొండలమీది బోదగడ్డియు మాఘమాసము దాటినంతనే ఒక్క బీడీముక్కకై కాచుకొన్నట్లుండును. శివరాత్రి మొదలు మంచి వానలు కురియువఱకును మన ప్రాంతమున ఏ విద్యార్థియు అడవికొండ యెక్కరాదని మా దృఢాభిప్రాయము. వేసవి సెలవులు తీరికగా నుండునని పలువు రా దినములనే యెన్నుకొనుచున్నారు. కొండకు మన పరీక్షల పట్టికతో పనిలేదు గదా! వానలు వెనుకబట్టి, నేల యింకను తడి విడువక, పగటియెండ సహింపదగియుండు మార్గశిర పుష్యమాసములే మనకు తగిన కాలము.

ఇక అసలే పోవద్దను మాట. ఆ మాట యెట్లు పాటింపబడుచున్నదో మేము చూచుచునే యున్నాము. ఇంటిలో ట్యూషనని చెప్పి, మోటారుసైకిలుపై ముగ్గురు కూర్చుండి, ఘాటురోడ్డు మలుపులలో పందెము వేసికొనువారు కలరు. బండి నొకచోట నిలిపి, సెల్‌ఫోనులో చిత్రము తీసికొనుటకై బండరాతి కొనకు పోయి నిలుచువారును కలరు. వారెచ్చటికి పోయిరో ఇంటివారికి తెలియదు, బడివారికి తెలియదు, అటవీశాఖవారికి అంతకన్న తెలియదు. అనుమతి లేని కొండకును అనుమతి గల కొండకును ఎత్తొక్కటియే. మొదటిదానియందు కాలు బెణికినవానిని వెదకుటకు వచ్చువా డుండడు.

క్రొత్తవారికి హార్సిలీకొండ తగియున్నదని మే మేల యనుచున్నామో చెప్పవలసియున్నది. సముద్రమట్టమునకు 4100 అడుగులకు పైబడిన యెత్తని విన్నంతనే గుండె జల్లుమనును. కాని మదనపల్లెయే 2200 అడుగులకు పైనున్నది. కావున మన కాళ్లు ఎక్కవలసినది రమారమి 1800 అడుగులు మాత్రమే. తక్కినది మనము పుట్టిన నేలయే మనకొఱకు ముందుగా నెక్కిపెట్టినది. పైన చలి యెంత యుండునని కొందఱు తల్లులు అడిగిరి. వేయి మీటర్ల యెత్తునకు సుమారు ఆఱేడు డిగ్రీల చొప్పున వేడిమి తగ్గునని భూగోళశాస్త్రమున చదువుచున్నాము. ఆ లెక్కను కొండపై మన యూరికంటె మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే చల్లగా నుండును. ఒక్క ఉన్నిచొక్కా చాలును. ఈ ప్రాంతపు పొడిగాలిని నమ్మియే క్షయరోగులకై 1912లో మదనపల్లెయం దారంభమైన మిషను చికిత్సాలయము పిమ్మట ఆరోగ్యవరమున నెలకొన్నది. రోగులు దూరదేశములనుండి వచ్చి పీల్చిన గాలిని, ఇచ్చటనే పుట్టిన మనము ఆదివారము నాడైనను లేచిపోయి పీల్చుటకు బద్ధకించుచున్నాము.

ఆ కొండకు పూర్వపు పేరు ఏనుగు మల్లమ్మకొండ. మల్లమ్మయను బాలికను ఏనుగులు సాకినవనియు, ఆమె పల్లెవారి రోగములను మాన్పుచుండి యొకనా డదృశ్యురా లయ్యెననియు పెద్దలు చెప్పుదురు. హార్సిలీదొర కడపజిల్లా కలెక్టరుగా నుండి, పందొమ్మిదవ శతాబ్దమున పైన బంగళా కట్టించుకొనెను. అప్పటికి మదనపల్లె కడపజిల్లాలోనిదే. చిత్తూరుజిల్లా 1911లో గాని యేర్పడలేదు. దొర కొన్ని వేసవులు గడపి పోయెను, పేరు నిలిచిపోయెను. మల్లమ్మ పేరును గూడ మన నోట నుంచుకొనుట న్యాయమని మాకు తోచును.

ఉష్ణమండలపు అడవి యనగానే, ఎండ చొరని చీకటి, కాళ్లకు పట్టు జలగలు, చెట్లనుండి వ్రేలాడు కొండచిలువలు, ఇవియే మనకు కథలవలన తెలిసినవి. మన యడవి అట్టిది కాదు. ఇది వేసవిలో ఆకు రాల్చి మోడై, వానకు మరల చిగిర్చు ఎండుటడవి. క్రింద రేగు, పరికి, కలివి పొదలు బట్టలు పట్టి లాగును. కొంచెము పైకి పోయినచో సీతాఫలపు చెట్లును, చిరుమాను, తునికి, ఉసిరిక మొదలగునవియు కనబడును. శిఖరమునొద్ద మనుష్యులు తెచ్చి నాటిన నీలగిరిచెట్లు నిలువుగా నిలిచియుండును. జలగలు లేవు గాని ఎలుగుబంట్లు గలవు. అవి తెల్లవాఱుజామునను మునిమాపునను తిరుగును. కనుక ప్రొద్దెక్కిన పిమ్మట బయలుదేఱి, ప్రొద్దుండగనే దిగివచ్చుట మొదటి నియమము. గుంపుగా మాటలాడుచు పోవువారి సవ్వడి విని యెలుగు తానే తొలగిపోవును. దానికి దిగ్భ్రమ కలిగించువాడు చప్పుడు చేయక తటాలున ఎదుటబడువాడే.

మా ప్రయాణమును గూర్చి కొంత చెప్పుదుము. అటవీశాఖవారి యనుమతి పొంది, మా వ్యాయామోపాధ్యాయులును ఒక యుపాధ్యాయినియు తోడురాగా, నలుగురు బాలురము ముగ్గురు బాలికలము కొండ దిగువ పల్లెకు చేరితిమి. అచ్చట మేకలు కాచుకొను ఒక వృద్ధుడు మాకు త్రోవ చూపుటకు ఒప్పుకొనెను. త్రోవ రమారమి మూడు మైళ్లు. విలియము నెయిస్మిత్తను స్కాట్లండు దేశపు పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క కట్టెను: మూడు మైళ్ల నడకకు ఒక గంట, ఎక్కిన ప్రతి 2000 అడుగులకు మఱియొక గంట. దాని ప్రకారము మేము రెండు గంటలకు కొంచెము తక్కువలోనే పైకి చేరవలెను. మాకు పట్టినది మూడున్నర గంటలు. నెయిస్మిత్తు గారు మా తరగతివారిని చూడలేదు.

బయలుదేఱినప్పుడు తాత మమ్ము వరుసగా నిలువబెట్టి, తన వెనుకనే మాలో మిక్కిలి స్థూలకాయుడైన మిత్రుని నిలిపెను. వాని యడుగే అందఱి యడుగు కావలెనని చెప్పెను. పరుగుపందెములలో బహుమానములు పొందినవా డొకడు మాలో గలడు. వానికిది నచ్చలేదు. మొదటి మలుపు దాటినంతనే వాడు పొదలప్రక్కగా ముందుకు పోయెను. తాత యేమియు అనలేదు. రెండు మలుపులు దాటునప్పటికి వాడు రాతిపై కూర్చుండి ప్రక్కపోటుతో వగర్చుచుండెను.

“ఉరికేవోడు ముందర కూలబడతాడు నాయనా. కొండ యాడికీ పోదు,” అని తాత చెప్పి నడచుచుండెను.

ఆ మెల్లని నడకవలన మాకు కలిగిన లాభము మేము ముందుగా నెన్నడును ఊహింపనిది. ఆగుచు పోవువానికి కన్నులు పనిచేయును. ఏ చెట్టు జిగురు మేకలు నాకునో, ఏ బండక్రింద వాన వెలసిన నెల దినములవఱకు నీరు నిలుచునో, ఏ రాతిమీది తెల్లని చారలు గ్రద్ద కూర్చుండుటవలన కలిగినవో తాత చూపుచు వచ్చెను. నడిమికొండకు చేరినప్పుడు పసుపుపచ్చని గొంతుగల పికిలిపిట్ట యొకటి బండల సందున కూసెను. ఆ జాతి దక్షిణదేశపు రాతికొండలలో దప్ప ప్రపంచమున మఱెచ్చటను లేదనియు, దానిని చూచుటకై పక్షిశాస్త్రజ్ఞులు మన హార్సిలీకొండకును ఋషివ్యాలీకిని వచ్చుచుందురనియు ఉపాధ్యాయిని చెప్పిరి. తాత కా సంగతి తెలియదు. “ఇదా? ఇది మా పిట్టే,” అని నవ్వెను.

మూడువంతులలో రెండువంతులు ఎక్కిన పిమ్మట మా స్థూలకాయుడైన మిత్రుడు ఒక నేరేడుచెట్టు మొదట కూలబడెను. వాని ముఖము పాలిపోయియుండెను. “నన్నిచ్చటనే విడిచి మీరు పోయి రండు, దిగునప్పుడు వచ్చి కలిసికొనెదను,” అని వాడు పలికెను. మాలో ఇద్దఱు ముగ్గురు అందుల కంగీకరించినట్లే నిలుచుండిరి. శిఖరము కంటి కెదుట కనబడుచుండెను, ప్రొద్దు పోవుచుండెను.

అప్పుడు తాత చేతికఱ్ఱ క్రింద పెట్టి తానును కూర్చుండెను. “అడివిలో ఒకరిని ఇడిసి పోయేది లేదు నాయనా. పోతే అందరం పోదాం. లేకుంటే అందరం దిగుదాం.”

వ్యాయామోపాధ్యాయులు ఆ మాటయే తీర్పుగా నిర్ణయించిరి. మేమందఱమును కూర్చుంటిమి. చెనక్కాయల ఉండలు, ఉప్పు కలిపిన అంబలి, మదనపల్లె టమాటాలు తెచ్చుకొనియుంటిమి. దాహమునకు టమాటా పనికివచ్చినట్లు మఱి యే పండును పనికిరాదని ఆనాడు తెలిసెను. నీరొక్కటే త్రాగుచు చెమట నోడ్చువానికి ఉప్పు తఱిగి నిస్సత్తువ కలుగునట. అంబలిలోని ఉప్పు వాని కందుల కుపకరించినది గాబోలు. అఱగంటకు వాడు లేచెను. పైకి చేరినప్పుడు అందఱికంటె ముందుగా శిఖరపు బండపై కాలు మోపినవాడు వాడే, ఏలన తాత వెనుక వరుసలో మొదటివాడు వాడే గదా. ఆనాటినుండి ఆటస్థలమున వానిని వెక్కిరించు మాట మాలో వినబడలేదు. ఇది గొప్ప సంగతియని మే మనము. జరిగినది చెప్పితిమి.

దిగుట సులభమని తలంచువారికి ఒక్క మాట. ఎక్కునప్పుడు ఊపిరి శ్రమపడును, దిగునప్పుడు మోకాళ్లు శ్రమపడును. తొడకండరము శరీరభారమును మోయుచునే సాగవలసివచ్చుటచేత మఱుసటి రెండు దినములు మెట్లు దిగుటయు కష్టమగును. మాలో నొకరి క్రొత్తబూట్లు రెండు మడమలను ఒరసి పొక్కించెను. కొండకు పాతబూట్లే మేలు.

ఇక బాలికల విషయము. మాతో వచ్చిన ముగ్గురిని పంపుటకు వారి యిండ్లలో వారము దినములు వాదము జరిగినది. అట్టి వాదము బాలుర యిండ్లలో ఒక్క పూట గూడ జరుగలేదు. ఇది యెట్టి న్యాయమో పెద్దలే యాలోచింతురు గాక. నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, సాంఘికసంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండగనే, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కినప్పుడు ఆమె వయస్సు 13 సంవత్సరముల 11 మాసములు. ఆమెతో శిఖరము చేరిన ఆనందకుమారును గురుకుల విద్యార్థియే. కూలిపని చేసికొను తలిదండ్రుల బిడ్డ పూర్ణ. ఆమె శిక్షణ యెచ్చట మొదలైనది? ఇంటినుండి ఒకనాటి ప్రయాణములోనున్న భువనగిరి బండమీద. డార్జిలింగు, లడఖు, హిమాలయము, ఇవన్నియు పిమ్మటి మాటలు. మొదట నుండినది దగ్గఱి రాయియు, తీసికొనిపోయిన బడియు, పంపిన తలిదండ్రులును.

తోడు లేక పోరాదని మేము పట్టుపట్టుట కొందఱికి పిఱికితనముగా తోచవచ్చును. నెల్లూరుజిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో ఎక్కి కీర్తి గడించినవాడు. అంతటి ప్రవీణుడును 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములయందు ప్రాణములు విడిచెను. ఆయన ధైర్యమును కొలువ మే మర్హులము కాము. ఆయనకే యెదురుతిరిగిన ప్రకృతి మన పదవ తరగతివానిని గౌరవించునని తలంచుట మాత్రము అవివేకము.

కుప్పము మిత్రులు మాకొక ప్రశ్న వేసిరి: మా ప్రక్కనే కౌండిన్యపు అడవి యుండగా ఇంతదూరము మదనపల్లెకు రావలెనా? వారి కోరిక న్యాయమే గాని మేము ఒప్పుకొనజాలము. 1980వ దశకమున తమిళనాడు, కర్ణాటక అడవులనుండి ఏనుగులు మన పలమనేరు, కుప్పము ప్రాంతములకు వచ్చి చేరినవి. వానికొఱకే 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. చెఱకుతోట, అరటితోట పోగొట్టుకొన్న రైతుల యిండ్లనుండి వచ్చిన విద్యార్థులు మన వసతిగృహముననే కలరు. డబ్బాలు మ్రోగించుచు రాత్రులు మేలుకొన్న సంగతి వారే మాకు చెప్పిరి. అంత పెద్ద మృగము మెత్తని పాదములతో చప్పుడు లేక నడచును. దట్టమైన పొదలలో పది గజముల దూరమున నున్నను కంటబడదు. పరుగెత్తినచో మనుష్యుని మించును. పొలము కాచుకొను రైతు ప్రాణభయముతో పోవుచోటికి మనము వినోదమునకు పోరాదు. ఏనుగుపేరు గల కొండపై నేడు ఏనుగులు లేకుండుట క్రొత్తవారి యదృష్టము. పుంగనూరువారు ఈ వాదమునందు ఏ పక్షమును వహింపలేదు. తమ యూరి పొట్టియావులు ఏ గట్టునైనను ఎక్కగలవని మాత్రము చెప్పి తృప్తిపడిరి.

పాఠశాలవారిని మేము కోరునది చాల స్వల్పము. ఏటేట డిసెంబరు జనవరి మాసములలో రెండు శనివారములు దీనికై కేటాయింపవలెను. ఒక జట్టునందు పండ్రెండుగురికి మించరాదు. వారితో ఇద్దఱు పెద్దలును, దిగువపల్లెవాడొకడును ఉండవలెను. త్రోవ చూపువానికి ఒక దినపు కూలి యిచ్చి పంపవలెను గాని, కొసరి నమస్కారముతో సరిపెట్టరాదు. పోవువారి పేళ్లును తిరిగివచ్చు వేళయు వ్రాసిన కాగిత మొకటి ప్రధానోపాధ్యాయులయొద్దను, ఒకటి పల్లెయందును ఉంచవలెను. తలకు రెండు లీటర్ల నీరు, ఒక యీల, ఒక కఱ్ఱ. అత్తరులు పూసికొని రాకుండుట మేలు. కొండబండలకు పట్టియుండు పెద్దతేనెటీగలకు ఆ వాసన గిట్టదు. ఎవనికైన పాము కఱచినచో కోయుట, పీల్చుట, మంత్రించుట మానివేసి, వానిని నడిపింపక మోసికొని దింపి, 108 బండిలో ఆసుపత్రికి చేర్చవలెను. తెచ్చుకొన్న ప్లాస్టికు సంచులు మరల క్రిందికే రావలెను.

ఇందులో ఖర్చు పెట్టవలసినది బస్సుకూలియు తాతకు కూలియు మాత్రమే. మా యుపాధ్యాయు లిద్దఱును రాబోవు శీతకాలమున మరల వచ్చుటకు సమ్మతించియున్నారు. తాతయు, మేకలను మనుమనికి అప్పగించి వచ్చెదనని మాట యిచ్చియున్నాడు. పుంగనూరునుండియు కుప్పమునుండియు వచ్చి వసతిగృహమున నుండు విద్యార్థుల తలిదండ్రులు తమ సమ్మతిపత్రములను నవంబరు నెలాఖరులోపల పంపినచో, అటవీశాఖవారికి పెట్టు దరఖాస్తునందు ఆ పిల్లల పేళ్లను గూడ చేర్చుటకు వీలగును.